కీడు ఎవరిలో నున్నది? – మాలపల్లియు కారంచేడును



ప్రభువు నేర్పిన ప్రార్థనలో కడపట ఒక మనవి యున్నది. మనలో అనేకులు దానిని దినమునకు రెండు మార్లు పలుకుచున్నారు. దేనినుండి మనలను తప్పింపుమని అడుగుచున్నామో ఆ మాటకు గ్రీకు మూలములో రెండు అర్థములు పొసగును. దుష్టుడు అనియు చెప్పవచ్చును, కీడు అనియు చెప్పవచ్చును. ఆ విభక్తిలో పుంలింగమునకును నపుంసకలింగమునకును రూపమొక్కటే. పండితులు శతాబ్దముల తరబడి దీనిని తర్కించిరి. సండేస్కూలు పిల్లలకు ప్రార్థన కంఠస్థము చేయించునప్పుడు ఈ భేదము మనకు జ్ఞాపకమైనను రాదు. అయినను దీనిమీద చాల సంగతులు ఆధారపడి యున్నవి. కీడు ఒక వ్యక్తియైన యెడల వానిని గుర్తుపట్టి తొలగిపోవచ్చును, లేక వానిని పట్టి శిక్షింపవచ్చును. అది ఒక వాడుకయై, ఊరి కట్టుబాటులోను, నీళ్ల రేవులోను, కూలి కొలతలోను, మన నాలుకమీదను కాపురముండునదైతే ఏమి చేయుదుము?

మన గుంటూరు, ప్రకాశము సీమలో కీడు అను మాట మిక్కిలి వెడల్పైనది. కీడెంచి మేలెంచవలెనని రైతు అనును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచి, మన తీరమును కూడ కొట్టిన ఉప్పెనను కీడు అన్నాము. 1987, 1988 ప్రాంతములో ప్రత్తికి తెల్లదోమ పట్టి, చేను ఎండి, పురుగునకని తెచ్చిన మందును రైతులే త్రాగి చనిపోయినప్పుడు దానిని కూడ కీడు అన్నాము. గాలికిని దోమకును మనస్సు లేదు. (ఆ ప్రత్తి సంగతిలో కల్తీ మందు అమ్మినవానికిని, వడ్డీకి వడ్డీ కట్టినవానికిని మనస్సున్నది, దానిని గూర్చి వేరుగా వ్రాయవలసి యున్నది.) ఇక్కడ నేను వ్రాయ బూనినది మనస్సుగల కీడును గూర్చియే. దానిని గూర్చి ఆలోచించుటకు వేదాంత గ్రంథములకై దూరము పోనక్కరలేదు. మన జిల్లా మనుష్యుడే వ్రాసిన ఒక నవల యున్నది. మన పొలముల మధ్యనే జరిగిన రెండు సంగతులున్నవి. నవలను ఆ సంగతుల ప్రక్కన పెట్టి చదివిన, అది ఎక్కడ నిజము చెప్పినదో ఎక్కడ తడబడినదో తెలియును.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు (1877–1958) సత్తెనపల్లి ప్రాంతపు వేములూరుపాడులో బ్రాహ్మణ కుటుంబమున పుట్టిరి. గుంటూరులో వితంతు వివాహములు చేయించిరి, స్త్రీల చదువుకై శారదానికేతనము స్థాపించిరి. పల్నాటి పుల్లరి సత్యాగ్రహ దినములలో చెరసాలకు పోయి, అక్కడ కూర్చుండి మాలపల్లి నవల వ్రాసిరి. దానికే సంగవిజయము అని మరియొక పేరు. 1922లో అచ్చైనది. ఆనాటి మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. ఆ మీదట నిషేధము తొలగి, 1936లో మరల వచ్చి, 1937లో మరల తొలగినది. తుపాకిగాని బాంబుగాని లేని ఒక కథాగ్రంథమునకు ఏల అంత భయపడిరి? ఏలయనగా, అందులో ఒక మాల కుటుంబము ఇతరుల కథలో కూలివాండ్రుగా వచ్చిపోక, తన కథకు తానే నడుమ నిలిచినది.

కథ మీలో కొందరికి తెలిసియుండును. రామదాసు వ్యవసాయము చేసికొను మాల. తత్త్వము తెలిసినవాడు, భజన చేయువాడు, నెమ్మదిపరుడు. అతని కుమారుడు సంగదాసు కూలివారి తరఫున మాటలాడును, కులముల నడుమ గోడ కూలవలెనని కోరును, భూస్వామి చౌదరయ్య కుమారుడు రామానాయుడుతోనే స్నేహము చేయును. కూలిని గూర్చిన తగవు ముదిరి, చౌదరయ్య కోపమున కొట్టిన దెబ్బకు సంగదాసు చచ్చును. మరియొక కుమారుడు వెంకటదాసు ఇది చూచి సహింపలేక అడవి పట్టి, తక్కెళ్ల జగ్గడు అను పేర కలవారిని దోచి లేనివారికి పంచును. కడకు పట్టుబడి జైలులో ప్రాణము విడుచును. రామదాసు కుటుంబమును దొంగల సెటిల్మెంటులో పడవేయుదురు.

ఒకే ఇంటిలో కీడునకు మూడు జవాబులు! తండ్రి ఓర్చుకొనెను. ఒక కుమారుడు నచ్చజెప్పబోయి చచ్చెను. ఒక కుమారుడు ఎదురు కొట్టెను. ఈ ముగ్గురిలో ఎవరినిగాని రచయిత ఎగతాళి చేయలేదు. వెంకటదాసును దొంగయని తీసివేయలేదు. అతనిని దొంగగా చేసినది ఎవరో చూపెను. జైలులో నున్న ఒక గాంధేయుడు ఇంత న్యాయముగా వ్రాయగలుగుట చిన్న సంగతి కాదు. నీతి చెప్పుటకై కథలు వ్రాయు మనవారిలో చాలమంది, తమకు ఇష్టము లేని జవాబును ఒక మూర్ఖుని నోట పెట్టి సులువుగా గెలుచుచుందురు. ఉన్నవవారు ఆ పని చేయలేదు.

సెటిల్మెంటు భాగమును మిషను పత్రికలు చదువు మనము దాటవేయకుండ చదువవలెను. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము కొన్ని కులములను పుట్టుకచేతనే దొంగలని లెక్క కట్టెను. మన బాపట్ల దాపుననున్న స్టూవర్టుపురములో అట్టివారిని ఉంచిన సెటిల్మెంటును నడిపినది సాల్వేషన్ ఆర్మీ. అందులో పనిచేసినవారు బడి పెట్టిరి, వైద్యము చేసిరి, పనులు నేర్పిరి, ఇది నిజమే. హాజరు పట్టీలో పేరు పలుకనివాడు నేరస్థుడగుటయు నిజమే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952లో ఆ చట్టము రద్దైనది, కాని ఆ ఊరి పేరు చెప్పగానే నవ్వు నవ్వేవారు ఇప్పటికిని ఉన్నారు. పుట్టుకలో కీడున్నదను మాట చట్టము పుస్తకములోనుండి పోవుట సులువు, నవ్వులోనుండి పోవుట కష్టము. మంచి మనస్సుతో ప్రార్థించి పనిచేసినవారు కూడ కీడునకు కాపలా కాయగలరని ఉన్నవవారు 1922లోనే కనిపెట్టిరి. ఇది నవలలోని మిక్కిలి విలువైన సంగతి యని నా అభిప్రాయము.

తడబడిన చోటులు రెండు. మొదటిది చౌదరయ్య కోపము. హత్య ఒక మనిషి ఆవేశమునుండి పుట్టినట్లు వ్రాయుటచేత, చదువరికి ఒక దుష్టుడు దొరికెను. ఊరు తప్పించుకొనెను. ఆ చావుమీద మౌనము కప్పిన పెద్దలు, వ్రాయవలసిన కాగితము వ్రాయని అధికారులు కథలో ఉన్నారు గాని, మన కోపమంతయు చౌదరయ్యమీదనే ఖర్చైపోవును. రెండవది రామదాసు ఓర్పు. అతనిని రచయిత ఎంత ఎత్తునకు లేపెననగా, కుమారుని చావు కూడ అతని మనశ్శాంతిని అంటదు. చదువుచుండగా మన కన్నులు చెమ్మగిల్లును, ఎంత గొప్పవాడు అందుము. అయితే ఆ గొప్పతనము ఎవరికి ఉపయోగపడినది? చచ్చినవానికి ఉపయోగపడలేదు. ఊరు నెమ్మదిగా నిద్రపోవుటకు ఉపయోగపడినది. ఇదే తప్పు మన ప్రసంగములలో ఎంత తరచుగా వినబడునో మీరే ఎరుగుదురు.

వినుకొండలో 1895లో పుట్టి మన సంఘములలోనే పెరిగిన గుఱ్ఱము జాషువగారు వేరొక త్రోవ పట్టిరి. 1941లో వచ్చిన గబ్బిలము కావ్యములో మనిషి అడుగుపెట్టరాని గుడిలోనికి గబ్బిలము నిరాటంకముగా పోవును గనుక, ఆ పిట్టచేత కాశీ విశ్వనాథునికి మనవి పంపెను. వర్ణవ్యవస్థను నాలుగు పడగల పాముగా చూపెను. పాముతో పోల్చుట మనకు ఆదికాండమునుండి అలవాటే. పాము అనగానే భయము కలుగును, కోపము కలుగును. అయినను పాము బయటినుండి వచ్చునది. కులము లోపల పుట్టి ముద్దుగా పెరుగునది. తరువాత క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిన ఈ కవి, గబ్బిలములో దేవుని నిలదీయుటకు వెనుదీయలేదు. యోబును చదివినవారికి అది కొత్త కాదు. నిందించిన యోబును దేవుడు మెచ్చుకొనెను, ఓదార్చవచ్చిన స్నేహితులను గద్దించెను. మన ఆదరణ ప్రసంగముల పుస్తకములలో ఈ సంగతి ఎందుచేతనో కనబడదు.

ఇక పుస్తకములు ప్రక్కన పెట్టి కారంచేడు పోవుదము.

కారంచేడు చీరాలకు దగ్గరనున్న పెద్ద గ్రామము. అప్పుడు ప్రకాశము జిల్లాలోనిది, 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. 1985 జులై 16వ తేదీన ఆ ఊరి మాదిగపల్లెవారు మంచినీళ్లు తెచ్చుకొను చెరువు రేవున, భూస్వాముల యింటి కుర్రవాండ్రు గేదెలకు కుడితి పెట్టి ఆ మురికి నీళ్లలోనికి పోవునట్లు చేసిరి. మాదిగ కుర్రవాడొకడు ఇది తగదనెను. వానిని కొట్టిరి. నీళ్లకు వచ్చిన సువార్త అను స్త్రీ అడ్డుపోయెను. ఆమెను కొట్టవచ్చినప్పుడు చేతనున్న బిందె ఎత్తెను. ఆడది, అందులో మాదిగది, బిందె ఎత్తినదను మాట ఊరంతయు పాకెను. మరునాడు, జులై 17న, కమ్మ భూస్వాములును వారి మనుష్యులును గుంపుగా గొడ్డళ్లు, బరిసెలు పట్టుకొని పల్లెమీద పడిరి. పొలములలోనికి పరుగెత్తినవారిని తరిమి కొట్టిరి. ఆరుగురు చచ్చిరి. స్త్రీలను చెరిచిరి.

ఇక్కడ చౌదరయ్య ఎవరు? చెప్పుడు! కోపమున కొట్టిన ఒక్క చెయ్యి ఏది? ఒకని ఆవేశము ఒక క్షణముండును. ఒక పగలు, ఒక రాత్రి నిలిచి, మరునాడు గుంపుగా కదలినది ఆవేశము కాదు. ఆ గుంపులో రాక్షసులు లేరు. పొలము పనికి పల్లెవారిని పిలిచినవారే, పండుగనాడు పెట్టినవారే. కుడితి బొక్కెన కడిగిన నీళ్లు మాదిగపల్లె త్రాగు నీళ్లలో కలిసిన ఏమాయెనని వారు నిజముగానే అనుకొనిరి. హత్య మరునాటిది, ఆ అనుకొనుట తరతరములది. అందుచేతనే నేను కీడును మొదట వాడుక యని, తరువాతనే నేరమని అనుచున్నాను. అది ఒక కులమునకు పుట్టుకతో అంటినదనుట నేరస్థ జాతుల చట్టము చెప్పిన మాటనే తలక్రిందులు చేసి చెప్పుట యగును. కాని కులము పేరు ఎత్తక, రెండు వర్గముల మధ్య ఘర్షణ జరిగినదని వ్రాసి ఊరకుండుటయు కీడు మాటలాడు భాషయే. గొడ్డలి పట్టినవానికిని మెడ నరకబడినవానికిని ఒకే వర్గ నామమా?

ఆ స్త్రీ పేరు మరియొకసారి చదువుడు. మన పల్లెలలో ఆడపిల్లలకు సువార్త యని, కరుణ యని, దీవెన యని పేరు పెట్టుకొనుట వాడుక. చచ్చినవారును చెదిరినవారును మన సంఘములవారే. వారు కట్టుబట్టలతో చీరాల చేరి అక్కడి చర్చి ఆవరణములో తలదాచుకొనిరి. వారి పక్షమున నిలిచి ఉద్యమము నడిపినవారిలో ముఖ్యుడు కత్తి పద్మారావుగారు. హేతువాది, దేవుని నమ్మనివాడు. ప్రభుత్వ న్యాయవాదిగా నున్న బొజ్జా తారకంగారు ఆ పదవి విడిచి వచ్చిరి. సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ ఏర్పడెను. దోపిడిగాండ్ర చేత చిక్కినవానిని ఎత్తుకొని సత్రమునకు తీసికొనిపోయిన సమరయుని కథలో, ప్రక్కగా పోయినవారు ఎవరో మనకు తెలియును. మన పెద్దలు అందరును ప్రక్కగా పోలేదు; గేట్లు తీసినవారు మనవారే. కాని క్షమింపుడు, మరచిపొండు, కోర్టులు మనకేల, తిరిగి ఊరికి పొండు అన్న గొంతులు ఇట్టి సమయములలో మన మధ్యనుండి ఎప్పుడును లేచును. నా విమర్శ ఆ గొంతును గూర్చియే.

క్షమాపణను గూర్చి ప్రభువు అదే ప్రార్థనలో చెప్పిన మాటను కొంచెము నిదానించి చూడుడు. మత్తయి సువార్తలో అక్కడ వాడిన మాట ఋణము. మన ప్రాంతమునకు ఇంతకంటె తేటగా తెలియు మాట లేదు. మిరప పంటమీద కమీషను కొట్టులో తెచ్చిన అప్పు ఎట్టిదో మనకు తెలియును. అప్పు మాఫీ చేయుట యనగా నోటు చింపివేయుట. చింపుటకు ముందు నోటు ఉండవలెను గదా! దానిమీద ఎంత బాకీయో, ఎవరు ఎవరికి పడినదో వ్రాసియుండవలెను, బాకీపడినవాడు చేవ్రాలు చేసియుండవలెను. ఆ మీదట, ఎవరికి రావలసి యున్నదో అతడే చింపవలెను. ప్రక్క ఊరి పెద్దమనిషి వచ్చి చింపరాదు. బాకీయే లేదు పొమ్మనువానికి మాఫీ ఏమి చేయుదుము? కారంచేడు తల్లులకు ఎవరును నోటు వ్రాసి ఇయ్యలేదు. అటువంటప్పుడు క్షమింపుమని వారికి బోధించుట, లేని నోటును చింపుమనుట. అది క్షమాపణ కాదు, లెక్క తప్పించుట.

రెండవ చెంప చూపుమన్న మాటను కూడ మనము రామదాసు ఓర్పుగా మార్చుకొన్నాము. మత్తయి అక్కడ కుడి చెంప యని ప్రత్యేకముగా చెప్పుచున్నాడు. కుడిచేతితో ఎదుటివాని కుడి చెంపమీద కొట్టవలెనన్న చేతి వెనుక భాగముతోనే కొట్టవలెను. అది యజమానుడు దాసుని కొట్టు దెబ్బ. ఎడమ చెంప త్రిప్పినవాడు, కొట్టెదవేని సమానుని కొట్టినట్లు కొట్టుమని అడుగుచున్నాడని అమెరికా దేశపు వేదపండితుడు వాల్టర్ వింకు వ్యాఖ్యానించెను. దీనిని అందరు పండితులును ఒప్పుకొనరు. నాకు మాత్రము రేవున సువార్త ఎత్తిన బిందె ఆ త్రిప్పిన చెంపకు దూరపు చుట్టముగా తోచుచున్నది. ఆమె ఎవరిని చంపబోలేదు. కొట్టించుకొనుటకు పుట్టినదానను కానని చూపెను. మరునాడు ఆరుగురిని చంపినవారికి సహింపరానిదైనది ఆ సంగతియే.

మన తాతలు ఈ సంగతి మనకంటె బాగుగా ఎరిగియుండిరి. ఒంగోలు ప్రాంతమున క్లౌదొరగారి కాలములో, 1866లో ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలుపెట్టి మాదిగలు మతము పుచ్చుకొనుచుండగా, వారిమీద మూడు నియమములు పెట్టిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. పుస్తకములో చూచిన ఇవి మతాచారములు. ఊరిలో చూచిన మొదటి రెండును ఊరి కట్టుబాటునకు ఎదురు. ఆదివారము రానన్న కూలివాడు తన దినము తనదే ననెను. చచ్చిన గొడ్డు తిననన్నవాడు ఇన్ని తరములుగా తనను ఎక్కడ కూర్చుండబెట్టిరో అక్కడ ఇక కూర్చుండననెను. భూస్వాముల కోపము వారిమీదికి వచ్చెను. కరవు దినములలో గంజికొరకు వచ్చిరను మాట పడకుండ దొరగారు బాప్తిస్మములు ఆపివేసిరి. కరవు తీరిన మీదట 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము జూబిలీలలో చెప్పుకొందుము. ఆ మాదిగలు చేయుట మానిన పనులను గూర్చి చెప్పుకొనము. ఎవరిని కొట్టకయే, వాడుకగానున్న కీడులో తమ వంతు పని చేయుట మానివేసిరి.

చీరాల శిబిరములోనివారు చేసినదియు అదే. ప్రభుత్వము సర్దిచెప్పినను వారు కారంచేడు తిరిగి పోమనిరి. చీరాలలోనే స్థలములు తీసికొని కాలనీ కట్టుకొనిరి. తమ ఊరు తామే విడిచిరి. నిర్గమకాండమును వరుసగా ప్రసంగించు మనము దీనిని పరాజయమని ఎట్లు అందుము?

వెంకటదాసు జవాబును కూడ దాచకుండ చెప్పవలెను. కారంచేడు కేసులో ప్రధాన నిందితుడుగా పేర్కొనబడిన పెద్దమనిషిని 1989లో నక్సలైట్లు చంపిరి. పల్లెలలో ఆ దినమున సంతోషించినవారు కలరు. కోర్టు ఇయ్యని న్యాయము కత్తి ఇచ్చెనని వారికి తోచెను. వారిని తప్పు పట్టుటకు నాకు నోరు రాదు. కాని ఆ చావుచేత ఏమి మారెనని అడుగవచ్చును. దుష్టుడు పోయెను, కీడు పోయెనా? మూడేండ్లు గడవకముందే గుంటూరు జిల్లాలో చుండూరు జరిగెను.

1991 జులైలో చుండూరు సినిమాహాలులో చదువుకొన్న మాల యువకుని కాలు ముందు సీటులోని పై కులపు యువకునికి తగిలెను. అంతే. పల్లెవారిని పనికి పిలుచుట మానిరి, వెలివేసిరి. ఆగష్టు 6న ఎనిమిదిమంది దళితులను తరిమి తరిమి చంపి, కొందరి శవములను గోనె సంచులలో కుక్కి కాలువలో వేసిరి. ఒక చోట నీళ్ల రేవు, మరియొక చోట సినిమా బల్ల. ఇంత చిన్న చోటులలోనే కీడు కనిపెట్టుకొనియుండుట గమనింపుడు. అప్పటికి కారంచేడు వంటి సంగతుల వలన 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము వచ్చియున్నది. ఆ చట్టము క్రింద విచారణ ఊరిలోనే జరుగవలెనని పల్లెవారు పట్టుబట్టిరి. చచ్చినవారిని ఊరి నడుమనే పాతిపెట్టి ఆ చోటునకు రక్తక్షేత్రమని పేరు పెట్టిరి.

ఇప్పుడు సాక్ష్యము అను మాటను గూర్చి. మన కూటములలో సాక్ష్యము చెప్పుడని పిలిచినప్పుడు, జ్వరము తగ్గినదని, పిల్లవానికి ఉద్యోగము వచ్చినదని, కోర్టు వ్యవహారము మనకు అనుకూలమైనదని చెప్పుదుము. మంచిదే. గ్రీకు నిబంధనలో సాక్షికిని హతసాక్షికిని మాట ఒక్కటే. చూచిన దానిని, చూచినట్లు, చూడలేదని చెప్పుమను బలవంతుని ఎదుట చెప్పుటయే ఆ మాటకు మూలార్థము. కారంచేడు కేసులో సాక్షిగానున్న అలిశమ్మ తీర్పు రాకముందే హత్య చేయబడెను. చుండూరు సాక్షులు అనేక సంవత్సరములు కాచుకొని, తమ ఊరిలోనే పెట్టిన ప్రత్యేక న్యాయస్థానములో, నిందితులు చూచుచుండగా, ఎవరిని ఎవరు తరిమిరో చెప్పిరి. వీరిలో ఎంతమంది మన ఆరాధనలలో లేచి మాటలాడిరో నాకు తెలియదు. వీరు చెప్పినదానిని సాక్ష్యమని మనము పిలువకపోవుట మన భాషకే లోటు.

పౌలు రోమీయులకు వ్రాసిన పండ్రెండవ అధ్యాయమున పగ తీర్చుకొనరాదని, మేలుచేత కీడును గెలువవలెనని చెప్పెను. ఆ మాటను మనము గోడలమీద వ్రాసికొన్నాము. వెంటనే పదుమూడవ అధ్యాయమున కీడు చేసినవాని విషయమై న్యాయాధికారమునకు ఒక పని యున్నదని అతడే వ్రాసెను. అతని పత్రికలో అధ్యాయముల గీత లేదు. అది తరువాతివారు గీసినది. పగను విడుచుటయు న్యాయము కోరుటయు ఒకే ఊపిరిలో చెప్పినవానిని మనము నడుమకు కోసి, మొదటి సగమును పల్లెకు ఇచ్చినాము, రెండవ సగమును ఎవరికిని ఇయ్యలేదు.

న్యాయస్థానములు ఏమి చేసినవో కూడ చెప్పవలసి యున్నది, లేనియెడల ఈ మాటలు మెత్తని మాటలగును. కారంచేడు కేసులో 1994లో క్రింది కోర్టు 159 మందికి యావజ్జీవ శిక్ష వేసెను. 1998లో హైకోర్టు కొట్టివేసెను. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకనికి యావజ్జీవమును, మరికొందరికి మూడేండ్ల శిక్షయు నిలిపెను. అప్పటికి ఇరువదిమూడు సంవత్సరములు గడచినవి. చుండూరు కేసులో 2007 జులై 31న ప్రత్యేక న్యాయస్థానము 21 మందికి యావజ్జీవము, 35 మందికి ఒక్క సంవత్సరము శిక్ష వేసెను. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, ఎవరు ఎవరిని ఎక్కడ ఎప్పుడు చంపిరో నిస్సందేహముగా రుజువు కాలేదని చెప్పి అందరిని విడిచిపెట్టెను. బాధితులు సుప్రీంకోర్టునకు పోయిరి.

కాబట్టి సాక్ష్యము చెప్పినందున కీడు ఓడిపోవునని నేను మీకు చెప్పజాలను. అట్లు జరుగలేదు. సాక్ష్యము చేయునది వేరొకటి. ఆ నోటు వ్రాయబడును. కొట్టివేయబడినను, ఎవరి పేరు ఎవరు చెప్పిరో కాగితముమీద ఉండును, ఊరు జరుగలేదని చెప్పలేదు. మాలపల్లిని ఈ వెలుతురులో మరల చదివిన, నన్ను బాధించునది సంగదాసు చావుకంటె ఆ చావు తరువాతి భాగము. ఉన్నవవారు అతనికి కీర్తి ఇచ్చిరి, గ్రంథమునకు అతని విజయమనియే పేరు పెట్టిరి. ఆయన కాలమున పల్లెవాడు బోనెక్కి భూస్వామి పేరు చెప్పు కథను ఎవరు నమ్మియుందురు? ఆ అధ్యాయమును మాత్రము ఆయన వ్రాయలేదు. చుండూరు పల్లెవారి వాఙ్మూలములు 2007 నాటి తీర్పులో నున్నవి. రక్తక్షేత్రము ఊరి నడుమనే యున్నది.